లైసెన్స్ అక్కర్లేదంటే బోటు నడపడం వచ్చినట్టు కాదు

పోయిన ఆగస్టులో క్రొయేషియాలోని స్ప్లిట్ రేవులో ఉదయం తొమ్మిదింటికల్లా మా రెండు కుటుంబాలూ పిల్లలతో, ఐస్ బాక్సుతో, పులిహోర డబ్బాలతో నిలబడి ఉన్నాం. నెల ముందే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టిన బోటు ఎదురుగానే కట్టేసి ఉంది. అక్కడి కుర్రాడు లైసెన్స్ అడిగాడు. నేను నా యూకే డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చాను, మా బావగారు హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీశారు. "ఇవి కారుకి, నేను అడిగేది బోటు లైసెన్స్" అన్నాడు. అది లేకపోతే స్కిప్పర్‌ని, అంటే బోటు నడిపే మనిషిని, పెట్టుకోవాలట, ఆ రోజుకి స్కిప్పర్ ఎవరూ ఖాళీ లేరట. డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేదు, ఎందుకంటే లైసెన్స్ సంగతి షరతుల పేజీలో ఎక్కడో అడుగున రాసి ఉందట.

ఆ సైటు మీద నాకు ఇప్పటికీ కోపమే. డబ్బు కట్టే బటన్ పక్కనే "లైసెన్స్ ఉందా?" అని ఒక్క ప్రశ్న పెట్టడానికి వాళ్ళకేం కష్టం? ఆ కుర్రాడి మీద మాత్రం కోపం లేదు. అతను చేసింది సరైన పని.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే మా ఫ్రెండ్స్‌లో సగం మంది ఒకే సలహా ఇచ్చారు, "క్రొయేషియా ఎందుకు, గ్రీస్ వెళ్ళు, అక్కడ లైసెన్స్ అడగరు" అని. నిజమే, గ్రీస్‌లో 30 హార్స్‌పవర్ దాకా అడగరు. ఇటలీలో 40 దాకా అడగరు, కాకపోతే తీరానికి ఆరు నాటికల్ మైళ్ళు దాటకూడదు. లేక్ కోమోలో మనవాళ్ళు ఫొటోలు దిగే చిన్న బోట్లన్నీ ఆ లెక్కలోవే. స్పెయిన్‌లో ఐదు మీటర్ల పొడవు, 15 హార్స్‌పవర్, అదీ పగటిపూటే, రేవు నుంచి రెండు నాటికల్ మైళ్ళ లోపే. ఫ్రాన్స్‌లో ఆరు హార్స్‌పవర్ దాటితే పర్మిట్ కావాలి. క్రొయేషియాలో అయితే మరీ చిన్నవి తప్ప ఇంజిన్ ఉన్న ఏ బోటుకైనా లైసెన్స్ ఉండాల్సిందే, దానితోపాటు వీహెచ్‌ఎఫ్ రేడియో, అంటే బోటులోంచి మాట్లాడే రేడియో, వాడటానికి సర్టిఫికెట్ కూడా అడుగుతారు. సముద్రం ఒకటే, గాలి ఒకటే, నియమం మాత్రం దేశానికొకటి. నా బాధంతా ఇక్కడే. అడగరు అన్నమాటని మనం "ఏమీ తెలియక్కర్లేదు" అని అర్థం చేసుకుంటున్నాం.

నేనూ అలాగే చేశాను. స్ప్లిట్‌కి ముందు ఏడాది గ్రీస్‌లో మీలోస్ ద్వీపంలో 30 హార్స్‌పవర్ బోటు తీసుకున్నాం. పది నిమిషాలు చూపించారు: ఇది గేరు, ఇది లంగరు, ఇక్కడిదాకా వెళ్ళండి, ఇటు వెళ్ళకండి. పొద్దున సముద్రం చెరువులా ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక ఉత్తరపు గాలి లేచింది. ఎండాకాలంలో ఏజియన్ సముద్రంలో వీచే ఈ గాలిని అక్కడివాళ్ళు మెల్తెమి అంటారు, నేను ఆ పేరు విన్నది ఆ రోజు సాయంత్రం. తిరిగి రావాల్సింది సరిగ్గా ఆ గాలికి ఎదురుగానే. పిల్లలు వాంతులు చేసుకుంటున్నారు, బావగారు "నేను గోదావరిలో ఈత నేర్చుకున్నవాణ్ణి, భయపడకు" అంటూనే రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకున్నారు. వేగం తగ్గించాలో పెంచాలో, అలని ఎటునుంచి తీసుకోవాలో నాకు తెలియదు. క్షేమంగా ఒడ్డు చేరాం, కానీ ఆ గంటన్నర టెన్షన్ నేను మర్చిపోలేను.

అంతకంటే భయపెట్టే సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ బోటులో ఇంజిన్ స్విచ్‌కి ఎర్రటి చుట్టల తాడు ఒకటి ఉంది, దాన్నే కిల్ కార్డ్ అంటారు. రెండో కొస నడిపేవాడి కాలికి తగిలించుకోవాలి, మనిషి నీళ్ళలో పడితే తాడు లాగేసి ఇంజిన్ ఆగిపోతుంది. నేను తగిలించుకోలేదు. 2013 మేలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, ప్యాడ్‌స్టో దగ్గర, ఒక కుటుంబం ఆరుగురూ బోటులోంచి నీళ్ళలో పడిపోయారు. ఆ తాడు నడిపేవారికి తగిలించి లేదు. ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ వాళ్ళ మీదికే వచ్చింది. తండ్రీ, ఎనిమిదేళ్ళ కూతురూ చనిపోయారు, మిగతావాళ్ళలో తల్లికీ, కొడుక్కీ తీవ్ర గాయాలు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీళ్ళంటే ఏమిటో మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటుని మనమంతా టీవీల్లో చూశాం. అయినా సెలవుల్లో విదేశానికి వెళ్ళగానే లైఫ్ జాకెట్లు సీటు కిందే ఉండిపోతాయి, ఫొటోల్లో బాగుండదని.

నేను ఈ ఏప్రిల్‌లో ఆర్‌వైఏ, అంటే యూకేలో బోటు నడపడం నేర్పే కోర్సులు పెట్టే రాయల్ యాటింగ్ అసోసియేషన్, వాళ్ళ పవర్‌బోట్ లెవెల్ 2 కోర్సు చేశాను. రెండు రోజులే. మొదటి గంటలో నేర్పింది కిల్ కార్డ్ గురించే. రేవులోకి గాలి తోస్తుంటే బోటుని ఎలా తేవాలి, నీళ్ళలో పడ్డ మనిషి దగ్గరికి ఎలా వెళ్ళాలి, ఇంజిన్ ఎప్పుడు ఆపాలి, లంగరుకి ఎంత తాడు వదలాలి, ఇవన్నీ చేతులతో చేయించారు. ఆ సర్టిఫికెట్ మీద ఐసీసీ, అంటే యూరప్‌లో చాలాచోట్ల చూపించగలిగే ఇంటర్నేషనల్ సర్టిఫికెట్, వస్తుంది. యూకేలో నివాసం ఉన్నవాళ్ళెవరైనా అప్లై చేసుకోవచ్చు, పాస్‌పోర్ట్ భారతదేశానిదైనా సరే. ఐదేళ్ళు చెల్లుతుంది.

కోర్సుకి టైమ్ లేనివాళ్ళు స్కిప్పర్‌తో సహా బోటు తీసుకోండి, ఖర్చు కొంచెం ఎక్కువైనా. ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి చదవండి, నా దాంట్లో అయితే స్థానిక చట్టం అడిగే లైసెన్స్ లేకుండా మోటారు బోటు నడిపితే క్లెయిమ్ చెల్లదని స్పష్టంగా ఉంది. లైసెన్స్ అడగని చోట బోటు తీసుకుంటే రేవు వదిలేముందు ఆ పది నిమిషాల్లోనే అడగండి: ఈ రోజు గాలి ఎటునుంచి, ఎన్నింటికి పెరుగుతుంది, ఏదైనా అయితే ఏ నంబరుకి ఫోన్ చేయాలి.

వచ్చే నెల మళ్ళీ స్ప్లిట్ వెళ్తున్నాం. రేడియో సర్టిఫికెట్ పరీక్ష ఈ శనివారం ఉంది. పిల్లలిద్దరికీ వాళ్ళ సైజు లైఫ్ జాకెట్లు ఇక్కడే కొనేశాను.