క్రామ్‌ఫర్డ్ మిల్లు వందేళ్లు పాడుబడి ఉందా?

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ ప్రాంతపు పల్లె క్రామ్‌ఫర్డ్ గురించి ఒక మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. "ప్రపంచంలో మొట్టమొదటి ఫ్యాక్టరీ ఇదే. డెర్వెంట్ నది నీటితో నడిచేది. ఆవిరి యంత్రం రాగానే మూతపడి, వందేళ్లు పాడుబడి, చివరికి మ్యూజియం అయింది" అని. ఇందులో ఊరి పేరు మాత్రం కరెక్టే.

మొట్టమొదటిది కాదు. అంతకు 50 ఏళ్ల ముందే, 1721 నాటికే, దగ్గర్లోని డెర్బీలో నీటిచక్రంతో పట్టుమిల్లు నడిచింది. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో ఇక్కడ పెట్టింది నీటిబలంతో పత్తి నూలు వడికే మిల్లు. ఆ పనిని లాభసాటిగా చేసి చూపించింది ఆయనే. ఆ గొప్ప చాలదా?

ఇక నది. అది పక్కనే పారుతుంది గానీ, ఈ మిల్లు చక్రాలను తిప్పింది బోన్సాల్ వాగూ, సీసం గనుల్లో ఊరే నీరు బయటికి పోయేందుకు తవ్విన సొరంగ కాలువా. భూమి లోపలి నీరు కాబట్టి కాస్త వెచ్చగా ఉండి, గడ్డకట్టే చలిలోనూ పారేది. డెర్వెంట్ నీటితో నడిచింది ఆర్క్‌రైట్ దగ్గర్లోనే 1783లో కట్టిన మాసన్ మిల్లు. మెసేజ్ రాసినాయన రెండింటినీ కలిపేసినట్టున్నాడు.

ఆవిరి మీద నింద కూడా అన్యాయమే. దెబ్బ తగిలింది నీళ్ల దగ్గర. గనులవాళ్లు ఇంకా లోతుగా మరో కాలువ తవ్వుకుంటూ రావడంతో పాత కాలువలో నీళ్లు పడిపోయాయి. ఆర్క్‌రైట్ వారసులు కోర్టుకెక్కారు. గని అవసరం కోసం బయటికి వదిలిన నీటిని ఎప్పటికీ వదులుతూనే ఉండమనే హక్కు మీకు లేదని 1839లో తీర్పొచ్చింది. పంటకాలువ తగాదాలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆవిరే చంపిందంటే, మాసన్‌లో 1991 దాకా నూలు ఎలా వడికారు మరి?

పాడుబడిందన్నది మాత్రం పచ్చి అబద్ధం. నూలు పోయాక అవే గోడల మధ్య బీరు కాచారు, లాండ్రీ నడిపారు, జున్ను నిల్వ చేశారు. 1920ల నుంచి 1979 దాకా రంగుల ఫ్యాక్టరీ! ఆ రంగుల్లో వాడిన లెడ్ క్రోమేట్ చూడ్డానికి పసుప్పచ్చగా మెరుస్తుంది, కానీ విషం. 1979లో పాత కట్టడాలను కాపాడే ఆర్క్‌రైట్ సొసైటీ అనే సంస్థ ఈ స్థలాన్ని కొన్నాక, పేరుకుపోయిన ఆ విషాన్ని తీయించడమే పెద్ద పనైంది. సీసం గని నీళ్లతో మొదలైన మిల్లును చివరికి సీసమే పట్టుకుంది.

2001లో డెర్వెంట్ లోయ మిల్లులకు యునెస్కో గుర్తింపు వచ్చిన మాట నిజం. అయినా క్రామ్‌ఫర్డ్ ఉత్త మ్యూజియం కాదు, పాత మిల్లు గదుల్లో దుకాణాలూ ఆఫీసులూ నడుస్తున్నాయి.