వానాకాలం బడి మూస్తే మిగిలేది ఏ కాలం?

వానలు మొదలైతే చాలు, మహారాష్ట్రలోని మా సిరోంచ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. అందులో ఉండేది ఇది: “గోదావరి, ప్రాణహిత ఒడ్డు ఊళ్లలో వానాకాలం బడి దండగ. జూలై నుంచి సెప్టెంబర్ దాకా సెలవులిచ్చి ఎండాకాలంలో నడపాలి. అస్సాంలో జూలైలోనే సెలవులిస్తారు. అయినా వరద ఉండేది నాలుగు రోజులే, ఫోన్లో పాఠాలు చెప్పొచ్చు. పిల్లలు బడి మానేది వరద వల్ల కాదు, తల్లిదండ్రులకు పట్టింపు లేక.” వరద నాలుగు రోజులే అయితే మూడు నెలల సెలవు దేనికో రాసినవాళ్లకే తెలియాలి. మొన్న మా బావ కూడా దీన్ని పంపాడు, అందుకే రాస్తున్నా.

ముందు ఎండాకాలం సంగతి. సంక్రాంతి దాటాక మిర్చి ఏరడానికి గోదావరి దాటి ములుగు, ఖమ్మం వైపు పోయే కుటుంబాలు మనకు తెలియనివా? ఇంట్లో ముసలివాళ్లు లేకపోతే పిల్లలూ బండెక్కాల్సిందే. తిరిగొచ్చాక ఇప్పపువ్వు, మేలో తునికాకు. పెద్దవాళ్లు తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొస్తారు, కట్టలు కట్టేటప్పుడు చిన్న చేతులు కూడా పడతాయి. అదే వానాకాలంలో విత్తనాలు, నాట్లు, పత్తిలో కలుపు. ఇంటిల్లిపాదీ ఊళ్లోనే ఉంటారు. పిల్లలు హాజరు పట్టీలోనే కాక ఊళ్లో కూడా ఉండే నెలలు అవి. వాటినే సెలవులుగా ఇచ్చేసి, ఊరు ఖాళీ అయ్యాక గంట కొడితే వచ్చేదెవరు?

అస్సాంలో జూలై సెలవులు నిజమే. కానీ అక్కడ ఏప్రిల్, మే నెలల్లో కూడా వానలు పడతాయి. మన విదర్భలో మే అంటే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలకే ఇక్కడి బళ్లు మిగతా మహారాష్ట్ర కన్నా ఆలస్యంగా, జూన్ చివర్లో తెరుస్తారు.

ఇక “నాలుగు రోజులు”. గోదావరి నిండుగా ఉంటే మన వాగు నీళ్లు అందులో కలవలేక ఎగదన్నుతాయి. మన దగ్గర చినుకు లేకపోయినా దారి మునిగే ఉంటుంది. 2022 జూలైలో దిగువన భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, ఇక్కడ ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయించారు. నీళ్లు తీశాక బడి వెంటనే తెరుచుకోదు. గదుల్లో మోకాలి లోతు బురద, తడిసి ముద్దయిన పుస్తకాలు, లేదంటే ఇల్లు మునిగినవాళ్ల మకాం అక్కడే. నేను ఆరో తరగతిలో ఉండగా వాగు తగ్గక పదిహేను రోజులు బడికి పోలేదు. వెళ్లేసరికి భిన్నాలు అయిపోయాయి. అవి నాకు చాలా ఏళ్ల దాకా రాలేదు. ఒకటో తరగతి పిల్లలకైతే ఇంకో కష్టం: ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. రెండు వారాలు బడి లేకపోతే అప్పుడప్పుడే వస్తున్న మరాఠీ కాస్తా పోతుంది.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కరోనా రెండేళ్లలో చూశాం. ఇంటికి ఒక ఫోను, అది నాన్న జేబులో. వరద రోజున కరెంటూ ఉండదు, సిగ్నలూ ఉండదు.

పట్టింపు లేదన్న మాటే నాకు కోపం తెప్పిస్తుంది. నడుం లోతు వాగు ముందు నిలబడి, ఎనిమిదేళ్ల కూతుర్ని వెనక్కి తీసుకుపోయే తల్లికి పట్టింపు లేదంటారా? ఆమె చేసిందే సరైన పని. నీళ్లు పారుతుంటే పిల్లల్ని దాటించకూడదు, హెచ్చరిక ఉన్న రోజు బడి మూయాల్సిందే. ఆ ఒక్క విషయంలో మెసేజ్‌తో నాకు పేచీ లేదు.

మెసేజ్‌లో అసలు లేని విషయం అన్నం. బడి మూస్తే మధ్యాహ్న భోజనం ఆగుతుంది. ఐదో తరగతి దాకా రోజుకు 100 గ్రాములు, ఆ పైన ఎనిమిది దాకా 150 గ్రాముల ధాన్యం లెక్క. బడి రోజున భోజనం పెట్టలేకపోతే దానికి బదులు ధాన్యం, డబ్బు ఇవ్వాలని 2015 మధ్యాహ్న భోజన నియమాల్లో ఉంది. ఇది అడగాలని ఎంతమందికి తెలుసు?

బంగ్లాదేశ్‌లో 2002 నుంచి పడవల్లో బడులు నడుపుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది కానీ మన గోదావరి ఉరవడికి నేనైతే ఒప్పుకోను. మనకు కావలసింది అంత పెద్దది కాదు. వాగుకు ఇవతల, ఊరి వైపే, ఎత్తు మీద అంగన్‌వాడీనో గుడి మండపమో చూసుకుని, ఆ ఊళ్లోనే ఉండే టీచరు ఒకరు. పుస్తకాలకు రేకు పెట్టె, దాన్ని పెట్టడానికి అటక. పోయిన రోజులకు దీపావళి సెలవుల్లో కొన్ని కోత పెట్టొచ్చు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 రోజులు, ఎనిమిది దాకా 220 రోజులు బడి జరగాలి కదా.

ఇదంతా బావకు ఫోన్లో చెప్పాను. “మరి ఆ మెసేజ్ డిలీట్ చెయ్యనా?” అన్నాడు. “అది తర్వాత బావా, ముందు మీ ఊరి బళ్లో పుస్తకాలు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసి రా” అన్నాను.