సవరణ: కాలిఫోర్నియా పాఠశాల బోర్డు ఎదుట తెలుగులో మాట్లాడేవారి సమయం గురించి

కాలిఫోర్నియాలో పాఠశాల బోర్డు (స్థానిక బడులను నడిపే పాలక మండలి) సమావేశంలో బోర్డు ఎదుట మాట్లాడేవారికి మూడు నిమిషాలే ఉంటాయనీ, దుబాసీ సాయం తీసుకున్నా అనువాదానికి పట్టే సమయం అందులోనే కలిసిపోతుందనీ ఇంతకుముందు నేను రాసింది తప్పు. స్థానిక పాలక మండళ్ల సమావేశాలు ప్రజలకు తెరిచి ఉండాలని చెప్పే 1953 నాటి బ్రౌన్ చట్టంలో ఇప్పుడున్న నిబంధన ప్రకారం, బోర్డు సమయానికి పరిమితి విధించినప్పుడు, మాట్లాడుతుండగానే అనువాదం వినిపించే ఏకకాల అనువాద పరికరాలు వాడుతున్న సందర్భంలో తప్ప, దుబాసీ ద్వారా మాట్లాడే వ్యక్తికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. మూడు నిమిషాలన్నది కూడా చట్టం పెట్టిన లెక్క కాదు. బోర్డులు తమ నియమావళిలో పెట్టుకునేది. మనవడి బడి గురించి తెలుగులోనే చెప్పగలిగిన అమ్మమ్మలు, తాతయ్యలు నా మాట నమ్మి వెనక్కి తగ్గి ఉంటే, వారిని మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను. అజెండాలో లేని విషయం ఎత్తితే బోర్డు వింటుంది గానీ, సాధారణంగా ఆ రోజే దానిపై నిర్ణయం తీసుకునే వీలుండదని రాసిన మాటలో మార్పు లేదు.