ఒక్క సంతకంతో అందరి ఆకాశం

2019 మేలో స్పేస్‌ఎక్స్ కంపెనీ ఇంటర్నెట్ కోసం పంపిన స్టార్‌లింక్ తొలి విడత 60 ఉపగ్రహాల వెలుగు చూసి ఖగోళ శాస్త్రవేత్తలు ఉలిక్కిపడ్డారు. ఇప్పుడు అవి వేలల్లో ఉన్నాయి, పోటీ కంపెనీలూ క్యూ కట్టాయి. ఈ ప్రయోగాలకు ఒక దేశపు నియంత్రణ సంస్థ సంతకం పెడితే భూమ్మీద అందరి ఆకాశం మారిపోతోంది. ఒకరికి అనుమతి ఇచ్చారు కాబట్టి మరొకరికీ ఇవ్వాల్సిందే అంటున్నారు. ఈ ఆనవాయితీయే ప్రమాదం.

ఉపగ్రహాలు టెలిస్కోపు ఫొటోల్లో వెలుగు చారలు గీస్తాయి. దాంతో పోయేది అందమైన ఫొటోలే అనుకుంటే పొరపాటు. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ 8.4 మీటర్ల అద్దంతో పదేళ్ల పాటు వందల కోట్ల గెలాక్సీలను నమోదు చేయాలన్నది ప్రణాళిక. అవి ఎక్కడ గుమిగూడాయి, ఎక్కడ పలచబడ్డాయి అన్న లెక్కలోనే విశ్వం తొలి క్షణాల జాడలున్నాయి. అప్పట్లో విశ్వం మెరుపు వేగంతో వ్యాకోచించడాన్ని, అంటే ఇన్‌ఫ్లేషన్‌ను, నడిపింది ఒకే క్షేత్రమా (అంతటా వ్యాపించిన శక్తి, ఫీల్డ్), అంతకంటే ఎక్కువా అన్నది తేల్చగల గుర్తు అతి పెద్ద దూరాల మీద, అతి స్వల్పంగా కనిపించాలి. ఆకాశంలో ఒక వైపు ఫొటోలు కాస్త మసకబారినా అక్కడ గెలాక్సీలు తక్కువున్నట్టు లెక్క వస్తుంది. ఆ తప్పు అచ్చం ఆ గుర్తులాగే కనిపించి మోసం చేయగలదు. పాలపుంత ధూళి వల్ల వచ్చే తేడాలను సరిదిద్దడానికే పరిశోధకులు ఏళ్లు వెచ్చిస్తున్నారు. ధూళి కనీసం ఉన్నచోటే ఉంటుంది. ఉపగ్రహాల చారలు వేళను బట్టి, రుతువును బట్టి మారతాయి, ప్రతి ప్రయోగంతోనూ పెరుగుతాయి. ఆ చారలను చెరిపేసిన చోట డేటా పోయినట్టే.

టెలిస్కోపులనే అంతరిక్షానికి పంపుకోండి అనే సలహా కూడా నిలవదు. ఇదే గుర్తు కోసం 2025 మార్చిలో నాసా పంపిన స్ఫియరెక్స్ టెలిస్కోపు తిరిగేది కూడా ఈ ఉపగ్రహాల్లాగే భూమికి దగ్గరి కక్ష్యలోనే. యూరప్ అంతరిక్ష టెలిస్కోపు యూక్లిడ్‌లా 15 లక్షల కిలోమీటర్ల దూరం వెళ్లడం ప్రతి ప్రాజెక్టుకూ కుదరదు.

మారుమూలలకు ఇంటర్నెట్ అందుతోందన్న మాట నిజమే. కంపెనీలు వెలుగు తగ్గించే ప్రయత్నాలూ చేశాయి. అయితే వాటిని కట్టడి చేసే అంతర్జాతీయ నిబంధన ఏది? ఉపగ్రహాలు కంటికి ఆనని ఏడో మాగ్నిట్యూడ్ (వెలుగును కొలిచే అంకె, పెరిగేకొద్దీ మసక) కంటే మసకగా ఉండాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం చెప్పింది. అది సూచనగానే మిగిలింది. ఈ రోజు పరిమితి లేకుండా ఇచ్చిన ప్రతి అనుమతీ రేపటి దరఖాస్తుకు ఆధారమవుతుంది. అప్పుడు కాదనడానికి నోరెలా వస్తుంది?

అంతరిక్ష అన్వేషణ, వినియోగం మానవాళి అందరిదీ అని 1967 అంతరిక్ష ఒప్పందంలో రాసుకున్న దేశాలే ఈ లైసెన్సులు ఇస్తున్నాయి. వెలుగు పరిమితి ముందు పెట్టండి, అనుమతి తర్వాత ఇవ్వండి. అది చేతకాకపోతే ఆ ఒప్పందం పేరు ఎత్తే అర్హత మీకు లేదు.