పేజీ లేకపోతే రెస్క్యూ నడవదా?

"మీకు ఇన్‌స్టాగ్రామ్ పేజీ లేదా? మరి డబ్బులెవరిస్తారు?"

మూగజీవాల కోసం పనిచేసే ప్రతి చిన్న బృందానికీ ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. అడిగేవాళ్ళు మంచి మనసుతోనే అడుగుతారు. కానీ ఈ మాట విని విని నాకు కడుపు మండిపోతోంది. ఏళ్ళ తరబడి దెబ్బలు తగిలిన కుక్కల్ని మోసుకొచ్చినవాళ్ళు, అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి కళ్ళు తెరవని పిల్లికూనలకు పాలు పట్టేవాళ్ళు ఇప్పుడు రీల్స్ చేయడం రాదని చేతకానివాళ్ళలా తల దించుకోవాలా? ఇదెక్కడి న్యాయం?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఒక రెస్క్యూ, అంటే మూగజీవాల్ని కాపాడే బృందం, నిలబడాల్సింది దాన్ని స్వయంగా ఎరిగిన మనుషుల మీద. మనకు వాళ్ళ పేరు తెలియాలి, ఫోన్ చేస్తే వాళ్ళు పలకాలి, ఎంత చిన్న మొత్తమైనా నెలనెలా ఇస్తూ ఉండాలి. వాళ్ళకూ మనకూ మధ్య ఇంకో కంపెనీ ఉండకూడదు.

కంపెనీ ఉంటే ఏమవుతుందో ఇప్పటికే చూశాం. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌ని మార్చింది. ఇకపై స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకే పెద్దపీట వేస్తామని, పేజీల పోస్టులు తక్కువగా కనిపిస్తాయని చెప్పేసింది. ఎన్నో ఏళ్ళు కష్టపడి జనాన్ని పోగుచేసుకున్న చాలా పేజీలు ఆ ఒక్క నిర్ణయంతో మూగబోయాయి. తప్పొప్పులు పక్కన పెట్టండి, అది వాళ్ళ వ్యాపారం, వాళ్ళిష్టం. మన జంతువుల తిండి మాత్రం వాళ్ళిష్టం మీద ఎందుకు ఆధారపడాలి? అకౌంట్ హ్యాక్ అయినా, ఎవరో రిపోర్ట్ కొట్టి లాక్ చేయించినా, దాతల జాబితా మొత్తం ఒక్క రాత్రిలో పోతుంది. నోట్‌బుక్‌లో రాసుకున్న ఫోన్ నంబర్లను ఎవరూ లాక్ చేయలేరు.

అసలు రెస్క్యూ ఖర్చు ఏమిటో బయటివాళ్ళకు సరిగ్గా తెలియదు. యాక్సిడెంట్ అయిన కుక్క ఫొటో పెడితే ఆపరేషన్‌కి డబ్బులొస్తాయి, కాదనను. ఒక్కోసారి కావలసినదానికన్నా ఎక్కువే వస్తాయి. కానీ ఆపరేషన్ అయ్యాక ఆ కుక్క ఆరు నెలలు షెల్టర్‌లోనే ఉంటుంది. రోజూ తింటుంది. దానికి టీకాలు వేయించాలి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలి. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ సోకిన పిల్ల ఉన్న గది అయితే మామూలు సబ్బుతో కడిగితే సరిపోదు, బ్లీచ్ కావాలి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది, తర్వాత వచ్చిన పిల్లకు అంటుకుంటుంది. బ్లీచ్ డబ్బా ఫొటో పెడితే ఎవరు లైక్ కొడతారు? ప్రాణాలు కాపాడేది మాత్రం చాలావరకు ఆ బ్లీచూ, ఆ టీకాలే. వైరల్ అయిన రోజు డబ్బు వరదలా వస్తుంది, మిగతా రోజులు ఎండిపోయి ఉంటుంది. ఆకలి అలా వచ్చిపోదు.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వదు. ఫీడ్‌లో జనం వేలు ఆగాలంటే రక్తం కనిపించాలి. పుండు దగ్గర నుంచి తీసిన వీడియో కావాలి, వెనక ఏడుపు సంగీతం కావాలి. నొప్పితో వణికిపోతున్న జంతువు ముందు కెమెరా పట్టుకుని "ఇంకోసారి, లైటింగ్ బాలేదు" అనే స్థితికి కొందరు వచ్చేశారు. అంతకన్నా ఘోరం, కావాలనే కుక్కపిల్లను కొండచిలువ దగ్గర పెట్టి, తర్వాత తామే 'కాపాడినట్టు' తీసే దొంగ రెస్క్యూ వీడియోలు. వాటికి వ్యూస్ వస్తాయి, విరాళాలూ వస్తాయి. నిజాయితీగా పనిచేసేవాళ్ళు అదే వేదిక మీద వాళ్ళతో పోటీ పడాలట! ఆ పోటీలో గెలవాల్సిన అవసరం మనకు లేదు. అందులోంచి బయటికి వచ్చేయాలి.

ఇక ట్యాగ్ చేసేవాళ్ళ గురించి. దారిలో దెబ్బ తగిలిన కుక్క కనిపిస్తే ఫొటో తీసి, పది రెస్క్యూలను ట్యాగ్ చేసి, "ఎవరైనా ప్లీజ్ హెల్ప్" అని రాసి ఇంటికి వెళ్ళిపోతారు. తమ పని అయిపోయిందని ఆ రాత్రి హాయిగా పడుకుంటారు. కుక్క అక్కడే ఉంటుంది. పేజీ ఎంత పెద్దదైతే ఈ ట్యాగులు అంత ఎక్కువ. షెల్టర్ ఎక్కడుందో అందరికీ తెలిసిపోయాక గేటుకి కట్టేసి వదిలేసే కుక్కలు కూడా అంతకంతకూ పెరుగుతాయి. పేరు పెరిగినంత వేగంగా సాయం పెరగదు.

"అయితే ఏం చేయమంటారు, కరపత్రాలు పంచమంటారా?" అని నవ్వేవాళ్ళకు ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం మోత మోయించుకున్న గుర్రాల్లో వేలాదిని యుద్ధం అయ్యాక ఈజిప్టులోనే అమ్మేసింది. 1930లో డొరొతీ బ్రూక్ అనే ఆవిడ కైరో వెళ్ళి చూస్తే, ఆ ముసలి గుర్రాలు ఎముకల గూళ్ళయి, పుండ్లతో బళ్ళు లాగుతున్నాయి. ఆవిడ 1931లో లండన్‌లోని మార్నింగ్ పోస్ట్ పత్రికకు ఒక ఉత్తరం రాసింది. ఆ గుర్రాలు ఎవరివి, ఇప్పుడెలా ఉన్నాయి, డబ్బు పంపితే తాను ఏం చేస్తుంది, ఇంతే. పాఠకులు డబ్బు పంపించారు. మూడేళ్ళలో సుమారు 5,000 గుర్రాలను కొనగలిగారు. చాలావాటికి ఇక చేయగలిగింది నొప్పి లేని చావు ఇవ్వడమే, అదీ చేశారు. 1934లో కైరోలో ఉచిత ఆసుపత్రి పెట్టారు. ఆవిడ మొదలుపెట్టిన సంస్థ బ్రూక్ పేరుతో ఇవాళ్టికీ చాలా దేశాల్లో గుర్రాలకూ గాడిదలకూ వైద్యం చేయిస్తోంది. ఆ ఉత్తరంలో ఏముందో ఆలోచించండి. నిజం ఉంది, స్పష్టమైన విన్నపం ఉంది, కింద సంతకం పెట్టి బాధ్యత తీసుకున్న మనిషి ఉంది. ఇప్పుడు కూడా ఊళ్ళలో పేపర్లకు జిల్లా పేజీలున్నాయి, స్థానిక రేడియోలున్నాయి. వారానికి ఒక జంతువు గురించి నాలుగు వాక్యాలు వేయమని అడిగితే ఒప్పుకునే విలేకరి దొరకకపోడు. మనమే అడగడం మానేశాం.

పోస్టర్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. పశువుల డాక్టరు దగ్గర వెయిటింగ్ గదిలో కూర్చున్నవాళ్ళు ఎవరు? ఇప్పటికే జంతువంటే ప్రేమ ఉన్నవాళ్ళు, అరగంట ఖాళీగా ఉన్నవాళ్ళు. అంతకన్నా మంచి చోటు ఏముంది? కానీ పోస్టర్‌లో ఇరవై ఫొటోలు కుక్కేయకండి. ఒక్క జంతువు, ఒక్క మంచి ఫొటో, దాని గుణం గురించి నిజాయితీగా రెండు ముక్కలు: పిల్లలతో కలిసిపోతుంది, పిల్లులంటే పడదు, ఉరుములకు మంచం కింద దూరుతుంది. కింద చింపుకుని తీసుకెళ్ళేలా ఫోన్ నంబరు చీటీలు. పైన తేదీ వేయండి, వారం వారం మార్చండి. ఎప్పుడో దత్తత వెళ్ళిపోయిన కుక్క పోస్టర్ ఇంకా గోడ మీద వేలాడుతుంటే మన మాట మీద నమ్మకం పోతుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తాలి. చాలా రెస్క్యూలు ఓడిపోయేది ఇక్కడే. పోస్టర్ చూసి, ధైర్యం చేసి ఫోన్ చేసిన మనిషికి ఎవరూ పలకకపోతే రెండోసారి చేయడు.

పోస్టర్ కన్నా కుక్కే మంచి ప్రచారం. షెల్టర్ కుక్కకు "నన్ను ఇంటికి తీసుకెళ్తారా" అని రాసిన చొక్కా తొడిగి పార్కులో ఒక గంట తిప్పుకొస్తే చాలు. ఊరికే అనడం లేదు. అమెరికాలో 51 షెల్టర్ల లెక్కలు పరిశీలించి 2023లో ఒక అధ్యయనం వచ్చింది. కాసేపు బయటికి తీసుకెళ్ళిన కుక్కలు దత్తత వెళ్ళే అవకాశం మిగతా కుక్కలకంటే ఐదు రెట్లు ఎక్కువగా ఉందట. ఒకటి రెండు రోజులు ఎవరింట్లోనైనా ఉంచినవాటికైతే దాదాపు పద్నాలుగు రెట్లు. బోనులో మొరిగే కుక్క వేరు, చెట్టు కింద బొజ్జ చూపించి పడుకునే కుక్క వేరు. దాన్ని తిప్పుకొచ్చిన మనిషి తన బంధువులకీ, ఆఫీసులోనూ, వాకింగ్‌కి వచ్చేవాళ్ళకీ చెప్తాడు. వాళ్ళలో ఒకరు తీసుకుంటారు. ప్రచారమంటే నాకు తెలిసింది ఇదే.

విరాళాల డబ్బాలు కూడా పనిచేస్తాయి, కాకపోతే తాళం ఉండాలి, నంబరు ఉండాలి, తెరిచేటప్పుడు ఇద్దరుండి లెక్క రాసి సంతకాలు చేయాలి. (డబ్బాలంటే గుర్తొచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ రైల్వే స్టేషన్లలో కుక్కలే వీపుకి డబ్బా కట్టుకుని, చనిపోయిన రైల్వే ఉద్యోగుల భార్యాపిల్లల కోసం చందాలు పోగుచేసేవి. 1896లో చనిపోయిన జిమ్ అనే కుక్క అద్దాల పెట్టెలో ఇప్పటికీ స్లౌ స్టేషన్‌లో ఉంది. మనుషుల కోసం అవి అడిగాయి. వాటి కోసం అడగడానికి మనకెందుకు మొహమాటం?)

అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ వదిలేసేది, ఇచ్చినవాళ్ళకు తిరిగి చెప్పడం. ఇంతిచ్చారని రసీదు ఒకటి. మూడు నెలల తర్వాత ఆ జంతువు కోలుకున్న ఫొటో ప్రింట్ తీయించి, వెనకాల చేత్తో రెండు వాక్యాలు రాసి పంపండి. "మీరిచ్చిన డబ్బుతో దీని కాలు నయమైంది, ఇప్పుడు మెట్లెక్కుతోంది." ఆ ఫొటో వాళ్ళింట్లో కనిపించే చోట ఉంటుంది. వచ్చినవాళ్ళు ఇదెవరని అడుగుతారు. ఫీడ్‌లో పెట్టిన థాంక్యూ పోస్ట్ సాయంత్రానికి కిందికి పోతుంది.

దీంతో పాటు నెల లెక్క. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, డాక్టరుకు ఎంత బాకీ ఉంది, ఒక్క కాగితం మీద రాసి గేటు దగ్గర అతికించండి. బాకీ దాచిపెట్టి సొంత అప్పులు చేసి నడిపే రెస్క్యూలు నాకు తెలుసు. వాళ్ళ త్యాగానికి దండం పెడతాను, కానీ ఆ దారి మంచిది కాదు. 1824లో లండన్‌లో మొదటి జంతు సంరక్షణ సంఘం పెట్టిన ఆర్థర్ బ్రూమ్ అనే మతగురువు 1826లో ఆ సంఘం అప్పుల కోసం జైలుకే వెళ్ళాడు. రెండు వందల ఏళ్ళయింది, ఇంకా అదే తంతు. బాకీ ఉందని బహిరంగంగా చెబితే తీర్చడానికి ముందుకొచ్చేవాళ్ళుంటారు. నెలనెలా విరాళాలు దాతల బ్యాంకు ఖాతా నుంచి వాటంతట అవే వచ్చేలా ఏర్పాటు చేయమని అడగండి. "ఒక కుక్క ఒక నెల తిండి మీది" అంటే జనానికి అర్థమవుతుంది. "దయచేసి సహకరించండి" అంటే ఏమీ అర్థం కాదు.

పెద్దవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. రిటైరైనవాళ్ళలో చాలామందికి ఈ యాప్‌ల గోల లేదు. కానీ టైముంది, ఓపికుంది, కొంచెం డబ్బుంది, ఒకప్పుడు పెంచుకున్న కుక్క జ్ఞాపకం ఉంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని మాట్లాడేవాళ్ళే లేరు. బ్రిటన్‌లో పెద్ద జంతు సంస్థల ఆదాయంలో పెద్ద వాటా వీలునామాల ద్వారానే వస్తుంది. ఆ డబ్బు రాసిచ్చేది సంస్థను ఏళ్ళ తరబడి చూసి నమ్మినవాళ్ళు.

ఇదంతా చేయడానికి మనుషులు కావాలి, ఆ మనుషులు చాలామంది ఇది చదువుతున్నవాళ్ళలోనే ఉన్నారు. మీకు దగ్గరలోని రెస్క్యూకి ఇంకో వీడియో ఎడిటర్ అవసరం లేదు. లెక్కలు రాయగలిగినవాళ్ళు కావాలి, ఉత్తరాలు రాసి కవర్లలో పెట్టేవాళ్ళు కావాలి, పాత పోస్టర్లు పీకి కొత్తవి అతికించేవాళ్ళు కావాలి. ఈ వారం ఒకసారి వెళ్ళి, "సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మీ ఫోన్ నాకివ్వండి, వచ్చిన కాల్స్ అన్నీ నేను మాట్లాడతాను" అని అడగండి.