పండుగ మార్తమ్మది, పని మా ఆవిడది

పునీతుల (సెయింట్ల) పండుగను కుటుంబమంతా కలిసి ఇంట్లోనే చేసుకోవడం మంచి పద్ధతి. పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఒక స్వరూపం (పునీతుడి ప్రతిమ), రెండు కొవ్వొత్తులు, కాసిని పూలు, ఒక ఇల్లాలు ఉంటే చాలు. మొదటి మూడింటిలో ఏది లేకపోయినా సర్దుకోవచ్చు.

కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని గృహ శ్రీసభ, అంటే ఇంట్లోనే ఉన్న చర్చి, అంది. ఆ మాటను మేం చాలా సీరియస్‌గా తీసుకున్నాం. శ్రీసభ అన్నాక బాధ్యతలు పంచుకోవాలి కదా, పంచుకున్నాం. ప్రార్థన నడిపించడం నా వంతు. పాట ఎత్తుకోవడం మా అమ్మ వంతు. ‘ఆమెన్’ అనడం పిల్లల వంతు. ఇంకా చిల్లర పనులు కొన్ని మిగిలితే మా ఆవిడకు అప్పగించాం. ఇల్లు కడగడం, వంట, చుట్టాలకు ఫోన్లు, వడ్డన, అంట్లు, అలాంటివి.

ఏ పునీతుణ్ణి ఎంచుకోవాలన్న దగ్గరే అసలు చర్చ. పిల్లల భక్తి అంతా డిసెంబరు 6న పండుగ జరిగే నికోలాసు వారి మీద. ముగ్గురు పేద పిల్లల పెళ్లిళ్ల కోసం ఆయన రాత్రిపూట ఎవరికీ తెలియకుండా డబ్బు వేసి వెళ్లారని కథ. ఎవరికీ తెలియకుండా ఇవ్వడం గురించి మా పిల్లలకు పెద్దగా ఆసక్తి లేదు. ఎవరికీ తెలియకుండా తీసుకోవడానికి మాత్రం సిద్ధంగా ఉన్నారు. మా అమ్మకు జూన్ 13 వస్తే చాలు. పోయిన వస్తువులు వెతికిపెట్టే పాదువా అంతోని వారిని ఆమె కళ్లజోడు కోసం ఏడాది పొడవునా పనిలో పెడుతుంది, ఆ ఒక్కరోజు కృతజ్ఞత చెబుతుంది.

గృహస్థుడిగా నాకు యేసును పెంచిన జోజప్పగారంటే గురి. ఆయన పండుగ మార్చి 19. సువార్తల్లో ఆయన ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. దేవదూత ఆయనకు ఏం చెప్పినా కలలోనే చెప్పింది. దైవచిత్తం తెలియాలంటే ఇంటి యజమాని ముందు నిద్రపోవాలని దీన్నిబట్టి తేలుతోంది. పండుగ మధ్యాహ్నం నేను ఈ సాధన తప్పను. లేచాక ఆయన ఏం చేశాడో కూడా మత్తయి రాశాడు. రాత్రికి రాత్రే తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు బయలుదేరాడట. ఆ భాగాన్ని వచ్చే ఏడాది ధ్యానిద్దామని పెట్టుకున్నాను. ఇదే జోజప్పగారిని శ్రామికుడిగా కొలిచే పండుగ మే 1న ఇంకొకటి ఉంది, 1955లో పన్నెండో పయస్ పోపుగారు పెట్టారు. ఒకే పునీతుడికి ఏడాదిలో రెండు పండుగలంటే ఇంటికి భారం. అందుకని మొదటిదానితో సరిపెడుతున్నాం.

ఇక జులై 29. ఇంటిపనికి పాలక పునీతురాలైన మార్తమ్మ పండుగ. దీన్ని మేం మరే పండుగకూ చేయనంత ఘనంగా చేస్తాం, చుట్టాలను కూడా ఎక్కువ మందినే పిలుస్తాం. లూకా సువార్త పదో అధ్యాయం నేనే గట్టిగా చదువుతాను. మార్తమ్మ వడ్డనలో సతమతమవుతుంటే ఆమె చెల్లెలు మరియమ్మ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని వింటుంది. చెల్లెలు ఉత్తమమైనది ఎంచుకుంది అంటాడు ప్రభువు. ఆ ఉత్తమమైనది మాకు ఎంత నచ్చిందంటే, ఇంట్లో అందరం అదే ఎంచుకున్నాం. మిగిలింది మా ఆవిడకు వదిలేశాం. వాక్యం సరిగా వినపడాలని వంటగది తలుపు మాత్రం మూస్తాం. లోపల గిన్నెల చప్పుడు ఎక్కువ.

2021లో పోప్ ఫ్రాన్సిస్ ఈ రోజును మార్త, మరియ, వాళ్ల సోదరుడు లాజరు ముగ్గురి స్మరణగా మార్చారు. పని ముగ్గురికీ పంచుతారేమోనని మా ఆవిడ ఆశపడింది. నేను యోహాను సువార్త పన్నెండో అధ్యాయం తీసి చూపించాను. నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచిన లాజరు ఆ తర్వాత మనకు కనిపించేది భోజనం పంక్తిలోనే. మరియమ్మ అత్తరు సీసాతో ఉంది. వడ్డిస్తున్నది మార్తమ్మే. చావునైనా దాటి రావచ్చు గానీ వంటగది గడప దాటి లోపలికి వెళ్లడం మగవాడికి అంత తేలిక కాదు.

మా అమ్మాయి ఆ పుస్తకమే లాక్కుని ముందు పేజీ తిప్పింది. ‘నాన్నా, నువ్వే క్రీస్తువి, దేవుని కుమారుడివి అని ఒప్పుకున్నది మార్తమ్మే. ప్రభువు వస్తున్నాడని తెలిసి ఎదురెళ్లింది కూడా ఆమే. మరియమ్మ అప్పుడూ ఇంట్లో కూర్చునే ఉంది. మరి ప్రార్థన అమ్మ నడిపించొచ్చుగా?’ ప్రశ్న లోతైనదే. ఇలాంటివి చర్చిలో గురువుగారిని అడిగి తేల్చుకోవాలి తప్ప, చుట్టాలు ఆకలితో కూర్చున్నప్పుడు తేల్చేవి కావు.

న్యాయంగా ఉండాలని ఈసారి మా ఆవిడకూ ఒక పునీతుణ్ణి ఎంచుకునే అవకాశం ఇచ్చాం. ‘అంతోని వారు’ అంది. మా అమ్మ పొంగిపోయింది. ‘ఆయన కాదత్తయ్యా, జనవరి 17, ఎడారిలో ఉన్న అంతోని వారు’ అని మా ఆవిడ వివరించింది. పాడుబడ్డ కోటలో తలుపు మూసుకుని ఇరవై ఏళ్లు ఒంటరిగా ఉన్నారాయన. రొట్టెలు కూడా ఏడాదికి రెండుసార్లు ఎవరో తెచ్చి పైనుంచి అందించేవారట. ప్రతిపాదనను అందరం శ్రద్ధగా విన్నాం. ఆమె తలుపు మూసుకుంటే ఆ రోజు వచ్చిన చుట్టాలకు వడ్డించేదెవరన్న ఒక్క సాంకేతిక కారణం మీద పక్కన పెట్టాం.