జూలై 1 జాతకం

మెక్సికోలో కాంకూన్ నుంచి, మాయా జాతివాళ్ళు కట్టిన పాత నగరం చిచెన్ ఇట్సాకి వెళ్ళే టూరు బస్సులో నా ముందు సీటు ఓ తెలుగు భార్యాభర్తలది. నేనూ తెలుగువాణ్ణేనని తెలిస్తే గొంతు తగ్గించేస్తారేమోనని సాయంత్రం దాకా నోరు విప్పలేదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఆవిడ పక్షం వహించానని మీకనిపిస్తే, అనిపించనివ్వండి.

ఆవిడ: ఇందాక అందరి చేతుల్లో తిరిగిన ఆ కాగితం ఏమిటండీ?

ఆయన: ఏదో ఫారం. పేరు, పుట్టిన తేదీ రాయమన్నాడు. నీదీ నాదీ నింపేసి వెనక్కి పంపించేశా.

ఆవిడ: చదివే రాశారా?

ఆయన: స్పానిష్‌లో ఉంటే ఏం చదువుతాను?

ఆవిడ: చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆఫీసుతోనే పోతుందనుకున్నా.

ఆయన: నీకు తెలీదులే. ఇక్కడ లోపలికి వెళ్ళాలంటే రెండు టికెట్లుంటాయి. ఒకటి కేంద్రానిది, ఇంకోటి యుకతాన్ రాష్ట్రానిది. ఆ ఫారం రెండోదానికి. వయసు అడిగాడంటే పెద్దవాళ్ళకి రాయితీ ఉందన్నమాట.

ఆవిడ: ఎక్కడికెళ్ళినా మీకో రాయితీ కనబడుతుంది.

(ఈ కాగితాన్ని గుర్తుపెట్టుకోండి. రోజంతా దీని చుట్టూనే తిరిగింది.)

ఆయన: ఈ మాయావాళ్ళది ఎంత గొప్ప జాతి! పాపం, మొత్తం అంతరించిపోయారు.

ఆవిడ: అంతరించిపోతే మైకులో మాట్లాడుతున్నదెవరు? వాళ్ళ అమ్మమ్మ ఇప్పటికీ ఇంట్లో మాయా భాషే మాట్లాడుతుందని ఆ గైడబ్బాయి చెప్పాడు. మీరప్పుడు గురక పెడుతున్నారు.

పిరమిడ్ ముందుకి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. నీడ ఉన్న చోటల్లా ముసుగులూ బొమ్మలూ అమ్మేవాళ్ళు.

ఆయన: ఇదే కుకుల్కాన్ గుడి. కుకుల్కాన్ అంటే వీళ్ళ ఈకల పాము దేవుడు. ఒక్కో వైపు 91 మెట్లు, నాలుగు వైపులా కలిపి 364. పైన అరుగు ఒకటి. మొత్తం 365. ఏడాదికెన్ని రోజులో అన్ని!

ఆవిడ: ఎక్కనిస్తారా?

ఆయన: ఇదివరకు ఎక్కనిచ్చేవారట. 2006లో ఓ పెద్దావిడ జారిపడి చనిపోయింది. తర్వాత ఆపేశారు.

ఆవిడ: బతికిపోయారు. అన్నవరంలో ఇలాంటి సాకు దొరక్కే కదా ఆటో ఎక్కారు.

ఆయన: మోకాలు నొప్పి అప్పుడు!

ఆవిడ: ఎవరి మోకాలు? నాది. నొప్పి నాకు, ఆటో మీకు.

(ఆయన మెట్ల ఎదురుగా నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టారు.)

ఆవిడ: ఎవర్నండీ పిలుస్తున్నారు?

ఆయన: ఇక్కడ చప్పట్లు కొడితే ఆ మెట్ల మీంచి క్వెట్జాల్ పక్షి కూతలా తిరిగొస్తుంది. విను. విన్నావా?

ఆవిడ: విన్నా. మీరు సర్వీసంతా చప్పట్లు కొట్టినా ఒక్క ప్యూనూ పలకలేదు. ఇక్కడ రాళ్ళు పలికాయి, సంతోషం.

అక్కడినుంచి బంతాట మైదానానికి. పొడవు 168 మీటర్లు. గోడకి ఎక్కడో పైన రాతి ఉంగరం, దాంట్లోంచి రబ్బరు బంతి దూర్చాలి.

ఆవిడ: ఆట అయ్యాక ఎవరి తల తీసేవారట? ఓడినవాడిదా, గెలిచినవాడిదా?

ఆయన: కొందరు ఇదంటారు, కొందరు అదంటారు. గోడ మీద తల తెగిన ఆటగాడు మాత్రం ఉన్నాడు. అదిగో, మోకాలి మీద కూర్చున్నాడే, మెడలోంచి రక్తం పాముల్లా పాకుతోంది చూడు.

ఆవిడ: రామ రామ. పెళ్ళిలో బిందెలో ఉంగరం తీయించే ఆట ఎంతో నయం.

ఆయన: ఆ ఆట నువ్వే గెలిచావుగా.

ఆవిడ: మూడుసార్లూ. మీరు కావాలనే వదిలేశారని మీ అక్కయ్య ఇప్పటికీ అంటుంది.

ఆయన: ...పద పద, గైడు వెళ్ళిపోతున్నాడు.

ఇంతలో ఆవిడ వెనకాల పులి గర్జించింది. ఆవిడ ఆయన భుజం పట్టేసుకున్నారు. చూస్తే మట్టితో చేసిన జాగ్వార్ తలలో నోరు పెట్టి ఓ కుర్రాడు ఊదుతున్నాడు. అక్కడ అడుగడుగునా అమ్మే ఈల అది. ఆవిడ చెయ్యి తీసేశారు. ఆయన కాసేపటి దాకా ఆ భుజం కదపలేదు.

అసలు గొడవ భోజనాల దగ్గర మొదలైంది. బీన్స్‌లో పంది కొవ్వు ఉంటుందేమోనని ఆవిడ సంచీలోంచి పులిహోర డబ్బా తీస్తుండగా, గైడబ్బాయి ఆయన పేరు పిలిచి రెండు గోధుమరంగు కాగితాలు చేతిలో పెట్టాడు.

ఆవిడ: ఏమిటండీ అవి?

ఆయన: టికెట్టు రసీదులు.

ఆవిడ: రసీదు మీద కోతి బొమ్మెందుకుంది?

ఆయన: రాష్ట్ర ప్రభుత్వ చిహ్నం అయ్యుంటుంది.

ఆవిడ: నాదాని మీద జాగ్వార్ ఉంది. మనిషికో చిహ్నమా?

(ఆయన గైడు దగ్గరికి వెళ్ళి, చాలాసేపు తల ఊపి, తిరిగొచ్చారు.)

ఆయన: అదీ... వీళ్ళకి 260 రోజుల పంచాంగం ఒకటుందట. రోజుల పేర్లు 20, వాటికి అంకెలు 13. పుట్టిన రోజుని బట్టి గుణగణాలు చెబుతారట.

ఆవిడ: అంటే జాతకం.

ఆయన: ఒక రకంగా.

ఆవిడ: డబ్బులిచ్చేశారా?

ఆయన: టికెట్టనుకుని... ఒక్కోటి 20 డాలర్లు.

ఆవిడ: సరే, పోయిన డబ్బు ఎలాగూ పోయింది. ఏ తేదీ రాశారు?

ఆయన: జూలై 1.

ఆవిడ: ఎవరికి?

ఆయన: ఇద్దరికీ. మన సర్టిఫికెట్లలో అదేగా!

ఆవిడ: మీరు పుట్టింది కార్తీక మాసంలో. జూలై 1న పుట్టింది మీరు కాదు, మీ హెడ్మాస్టారి బద్ధకం.

ఆయన: గవర్నమెంటు రికార్డది! ఆ తేదీ మీద ఉద్యోగం వచ్చింది, ఆ తేదీ మీద రిటైరయ్యాను, పాస్‌పోర్టులోనూ అదే ఉంది.

ఆవిడ: రెండేళ్ళు తగ్గించి రాసిన పుణ్యానికి రెండేళ్ళ జీతం ఎక్కువ వచ్చింది. నేనేమైనా అన్నానా? కానీ జాతకం కూడా ఆ తేదీ మీదేనా? పుట్టని మనిషికి జాతకం రాయించుకొచ్చారు.

ఆయన: పాస్‌పోర్టులో ఒక తేదీ, ఈ కాగితంలో ఒక తేదీ ఉంటే పరాయి దేశంలో ఎంత టెన్షన్! రేపు ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే?

ఆవిడ: ఎవరు పట్టుకుంటారు? కోతా?

ఆయన: ముందు ఏం రాశాడో విను. "కళాకారుడు. చేతిపనిలో నేర్పరి. నలుగురినీ నవ్విస్తాడు."

ఆవిడ: బల్బు మాడిపోతే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా రెండ్రోజులు చీకట్లో కూర్చున్న నేర్పరి. నవ్వించడం మాత్రం నిజమే, మీకు తెలీకుండానే.

ఆయన: నీది విను. "ధైర్యం ఎక్కువ. చీకట్లో కూడా కనిపెట్టే చూపు."

ఆవిడ: అది నేను కాదు, జూలై 1న పుట్టిన ఇంకెవరో. మా క్లాసులో సగం మంది జూలై 1. అందరూ జాగ్వార్లేనా?

ఆయన: సంవత్సరాన్ని బట్టి మారుతుందట. ఇంకో సంగతి చెప్పాడు. ఈ 260 రోజుల లెక్కా, 365 రోజుల లెక్కా మొదలైన చోటే మళ్ళీ కలవాలంటే 52 ఏళ్ళు పడుతుంది. మన ప్రభవాది 60 ఏళ్ళలాగా.

ఆవిడ: అంటే ఇక్కడ పుట్టుంటే మీకు షష్టిపూర్తి 52కే చేసేవారు. మీరు సర్టిఫికెట్ చూపించి అదీ రెండేళ్ళు వాయిదా వేయించేవారు.

తర్వాత సెనోటే, అంటే నేల కుంగి ఏర్పడ్డ నీటి గుంట. దాని దగ్గర అందరూ ముందు షవర్ కింద ఒంటిమీది లోషన్ కడుక్కుని, లైఫ్ జాకెట్లు వేసుకుని నీళ్ళలోకి దిగారు. ఆయన దిగలేదు. కాగితాలు తడుస్తాయట.

చివరి మజిలీ వయ్యదొలిద్. స్పానిష్ వాళ్ళు 1543లో వేరేచోట మొదలుపెట్టి, రెండేళ్ళకి సాకి అనే మాయా ఊరి మీదకి తెచ్చి కట్టిన పట్నం. పసుపు, గులాబీ, లేతనీలం గోడలు. ఊరి నడిబొడ్డున పార్కులో తెల్లటి జంట కుర్చీలున్నాయి. ఇద్దరు కూర్చుంటే ఒకళ్ళు తూర్పుకి, ఒకళ్ళు పడమరకి. మాట్లాడాలంటే మెడ తిప్పాలి. వాళ్ళిద్దరూ ఏమాత్రం ఆలోచించకుండా వెళ్ళి దాంట్లోనే కూర్చున్నారు.

ఆవిడ: ఈ కుర్చీ ఒకటి మనింటికి పట్టుకెళ్దాం.

ఆయన: ఎదురుగా ఆ చర్చి చూశావా? దాని గుమ్మం మొదట్లో పడమరకి ఉండేదట. 1706లో తిరిగి కట్టినప్పుడు ఉత్తరానికి మార్చారు. వాస్తు!

ఆవిడ: వాస్తు కాదు. 1703లో లోపల దాక్కున్నవాళ్ళని బయటికి లాగి చంపేశారు. గుడి మైలపడిందని పడగొట్టి, గుమ్మం తిప్పి కట్టారు. గైడు చెబుతున్నప్పుడు మీరు కోతిని చూసుకుంటున్నారు.

ఆయన: నీ అసలు పుట్టినరోజు నాకు తెలీదనేగా నీ బాధ?

ఆవిడ: తెలుసా మరి?

ఆయన: వినాయక చవితి మర్నాడు. ఋషి పంచమి. మన పెళ్ళిచూపులప్పుడు మీ అమ్మగారు రెండుసార్లు చెప్పారు. పెసరపప్పు పాయసం పెట్టి మరీ చెప్పారు.

(ఆవిడ మెడ తిప్పారు. ఆయన అటు చూస్తున్నారు కాబట్టి చూడలేదు.)

ఆవిడ: ...మరి జూలై 1 ఎందుకు రాశారు?

ఆయన: ఫారంలో తిథి రాయడానికి గడి లేదే! ఉండు.

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. ఇక్కడినుంచి నాకు ఒకవైపు మాటలే వినబడ్డాయి, కానీ చాలు.

ఆయన: హలో, బావగారూ, మీ చెల్లెలి పుట్టినతేదీ ఏదండీ? ...అబ్బే, ఆస్పత్రేం లేదండీ. ...లేదు లేదు, బానే ఉంది, పక్కనే ఉంది. ...ఎందుకంటే, కోతి... కాదు, జాగ్వార్...

ఆవిడ: అక్కడ టైమెంతో చూశారా?

ఆయన: నా వాచీలో నాలుగు.

ఆవిడ: అది కాంకూన్ టైము. ఇక్కడ గంట వెనక, మూడే అయింది. అంటే మనవైపు రాత్రి రెండున్నర! అర్ధరాత్రి ఫోన్ చేసి పుట్టినతేదీ అడిగితే ఎవరైనా ఏమనుకుంటారు? వదిన ఏడుస్తున్నట్టుంది, ఇలా ఇవ్వండి ఫోను. ...అన్నయ్యా, నేనే. బతికే ఉన్నా. ...మెక్సికోలో. ...లేదు, మీ బావగారికి కోతి జాతకం వచ్చింది. ...ఏమిటీ, నాన్న డైరీ కోసం అటకెక్కావా? దిగు! దిగు అన్నయ్యా, నిచ్చెన వదిన పట్టుకుందా?

ఆయన: ఎక్కాడు కదా, చూడమను.

ఆవిడ: మీరు నోరు మూసుకోండి. ...నిన్ను కాదు అన్నయ్యా.

ఈలోగా కొడుకు ఫోన్ చేశాడు. మేనమామ వాడికీ చెప్పేసినట్టుంది. ఆవిడ వాడికి మొత్తం మొదటినుంచీ చెప్పారు, 20 డాలర్లతో సహా. వాడు 40 అనలేదా అని అడిగినట్టున్నాడు, ఇంకోసారి చెప్పారు. తర్వాత ఫోను టింగుమంది.

ఆయన: డైరీ ఫొటో పంపాడు! మీ నాన్నగారి రాత ముత్యాల్లా ఉండేది. "భాద్రపద శుద్ధ పంచమి, అమ్మాయి పుట్టినది. తల్లి, పిల్ల క్షేమం."

ఆవిడ: ఇంగ్లీషు తేదీ?

ఆయన: లేదు.

ఆవిడ: నాకు తెలిసిందీ, మీకు తెలిసిందీ తెలుసుకోవడానికి అరవై దాటినవాణ్ణి అర్ధరాత్రి అటకెక్కించారన్నమాట.

ఆయన: తేదీ తెలిస్తే ఇంకో ఇరవై డాలర్లిచ్చి కొత్తది రాయిద్దామని. గైడు రాయిస్తానన్నాడు.

ఆవిడ: మీకా?

ఆయన: నీకే. నాదానికేం, కోతి బానే ఉంది.

(ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. రోజు మొత్తంలో అదే పెద్ద విరామం.)

ఆవిడ: ఆ ఇరవై ఇలా ఇవ్వండి. అదిగో, ఆ బండి మీద అప్పడంలా కాల్చి, చీజ్ తురుము వేసి గొట్టంలా చుడుతున్నాడు, రెండు తెస్తా. ఆ కోతి కాగితం జాగ్రత్తగా పెట్టండి, మడత పడకుండా. ఫ్రేము కట్టించి హాల్లో మన పెళ్ళి ఫొటో పక్కన పెడతా.

ఆయన: తేదీ తప్పన్నావుగా!

ఆవిడ: తేదీ తప్పే. బొమ్మ కరెక్టు.